జంఫీరా మోసిన నీళ్ళు

నా మొగుడు ఇలారీ దాహంతో చచ్చిపోయాడు. నలభై నాలుగేళ్ళు ఊరందరికీ బావులు తవ్విన మనిషి, గొంతెండి పోయాడు. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు ఏడుపూ వస్తుంది, కోపమూ వస్తుంది, ఏది ముందో తెలియదు.

పక్షవాతం వచ్చి గొంతు పడిపోయింది. నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, చుక్క కూడా వద్దన్నారు డాక్టర్లు. వాళ్ళ తప్పేం లేదు. తడిగుడ్డతో పెదాలు తుడవమన్నారు, తుడిచాను. రెండు రోజులు ఆయన నా మొహంలోకి చూస్తూ బొటనవేలు నోటివైపు చూపించాడు. "రేపిస్తాను, రేపు" అన్నాను. మూడో రోజు ఆ చెయ్యి లేవలేదు.

అందుకే నీళ్ళ విషయంలో నేను అంత పట్టు పట్టాను. మా సాల్చెని ఊళ్ళో పోయినవాళ్ళకి నలభై రోజులు నీళ్ళు మోయిస్తాం. రోజుకొక ఇల్లు. మోసే మనిషి పొద్దున బావి దగ్గర బకెట్టు నింపుకుని, దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా, బకెట్టు కింద పెట్టకుండా ఆ ఇంటికి చేర్చాలి. ఆ ఇంటివాళ్ళు ఒక్క గుక్కయినా తాగి, పోయినవాడి పేరు చెప్పి "దాహం తీరుగాక" అనాలి. వాళ్ళిక్కడ తాగితే ఆయనక్కడ తాగినట్టు. మధ్యాహ్నం చర్చి గంట కొట్టేలోపు ఎవరూ తాగకపోతే ఆ రోజంతా ఆయన నోరు ఎండి ఉంటుంది. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఆ బొటనవేలు చూసినదాన్ని నేను.

నీళ్ళు మోయడానికి చిన్నపిల్ల అయినా ఉండాలి, కాన్పుల వయసు దాటిన ఆడదయినా ఉండాలి. మా ఆడపడుచు సాఫ్తాని అనుకున్నాం. సమాధి దగ్గర మొదటి నీళ్ళు పోసిన చెయ్యే నలభై రోజులూ మోయాలి, అది మా పద్ధతి. ఆ మహాతల్లి ఏం చేసిందంటే, కొత్త బూట్లకి బురదంటుతుందని శ్మశానానికి అడ్డదారిన రాకుండా రోడ్డు చుట్టూ తిరిగి బయల్దేరింది. ఫాదర్ స్పిరిదోన్ ప్రార్థన ముగించి, "మొదటి నీళ్ళు?" అన్నాడు. నేను అటూ ఇటూ చూశాను. సాఫ్తా లేదు.

అప్పుడు వెనక కంచె దగ్గర నిలబడ్డ జిప్సీల గుంపులోంచి జంఫీరా ముందుకొచ్చింది. ఏడుస్తూ, తూలుతూ వచ్చి, కొంగు కింద దాచుకున్న సీసా తీసి సమాధి తల దగ్గర గడగడా వంచేసింది. "తాగన్నా, తాగు" అంది. వాళ్ళలో పోయినవాడికి ఇష్టమైన మందు మట్టిమీద పోసి సాగనంపుతారు. మా ఇలారీ సారా ముట్టడని తెలుసు కాబట్టి నీళ్ళు తెచ్చింది. మా పద్ధతి దానికి తెలియదు, పాపం.

అందరూ ఒక్కసారిగా నోరు తెరిచారు. ఫాదర్ గడ్డం సవరించుకున్నాడు.

"అయిపోయింది సెవాస్తా. పోసిన చెయ్యే మోయాలి. మధ్యలో మనిషిని మారిస్తే పోయినవాడికి మంచిది కాదు."

సాఫ్తా అప్పుడొచ్చింది, బూట్లు మెరుస్తూ.

నేనేదో పెద్ద మనసున్నదాన్నని అనుకోకండి. నాకు తల కొట్టేసినట్టయింది. జంఫీరా ఎవరో నాకు తెలియక కాదు. దాని మొగుడు బనీకా ముప్పై ఏళ్ళు మా ఇలారీ దగ్గర పనిచేశాడు. ఇలారీ బావిలోకి దిగితే పైన తాడు పట్టుకునేవాడు బనీకా. అంటే ముప్పై ఏళ్ళు నా సంసారం ఆ జిప్సీ చేతిలోని తాడుకి వేలాడింది. ఆరేళ్ళ క్రితం బనీకా పోయాడు. అదంతా తెలుసు. తెలిసీ ఆ సాయంత్రం ఇంటికొచ్చి సాఫ్తామీద గిన్నెలు విసిరాను. ఈ ఊళ్ళో జిప్సీ చేతి నీళ్ళు ఎవరు తాగుతారు? నలభై రోజుల్లో నలభై మందా? ఓరి దేవుడా, ఇక్కడ నోరెండి పోయినవాడు అక్కడా ఎండాల్సిందేనా?

మర్నాడు పొద్దున్నే జంఫీరా మా గేటు దగ్గరికొచ్చింది. తలకి ఉతికిన రుమాలు, కాళ్ళకి మొగుడి రబ్బరు బూట్లు.

"అమ్మగారూ, నాకు తెలియక పోశాను. తిట్టాలనుకుంటే ఇప్పుడే తిట్టేయండి. బకెట్టు ఎత్తాక నేను జవాబు చెప్పడానికి లేదంట."

తిడదామనే నోరు తెరిచాను. కానీ దాని కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి, నావి ఎలా ఉన్నాయో అలా. బకెట్టు ఇచ్చాను.

నేను దాని వెనకాలే పది అడుగుల దూరంలో నడిచాను. ఎవరు తాగుతారో, ఎవరు పారబోస్తారో నా కళ్ళతో నేను చూడాలి. మొదటిరోజు కసాయి పంతేలీ ఇల్లు. పంతేలీ పొద్దున్న లేచిన దగ్గర్నుంచి జిప్సీలని తిట్టే మనిషి. కోడి తప్పిపోతే జిప్సీలు, వాన పడకపోతే జిప్సీలు. మాంసం కొట్టు ముందు నిలబడి అరిచేవాడు, "వీళ్ళందర్నీ రైలెక్కించి పంపాలి" అని. ఎక్కడికని అడిగితే వాడికీ తెలియదు.

పంతేలీ రక్తం మరకల ఏప్రన్‌తో బయటికొచ్చాడు. జంఫీరాని కిందికీ పైకీ చూశాడు.

"నీ కొడుకేనా, నా కొట్టు గోడకి సైకిలు గుద్దినోడు?"

జంఫీరా మాట్లాడకూడదు కదా, తలూపింది.

"దొంగ నాయాలు. ఇటియ్యి." బకెట్టు రెండు చేతులా ఎత్తి, అంచుకి నోరు పెట్టి, సగానికి సగం తాగేశాడు. మీసాలు తుడుచుకున్నాడు. "ఇలారీ దాహం తీరుగాక. మంచోడు. వాడి బావి నీళ్ళు పళ్ళు జిల్లుమంటాయి." తర్వాత నావైపు తిరిగాడు. "నువ్వెందుకు దొంగలా చెట్టు చాటున నిలబడ్డావు సెవాస్తా? ఎవడైనా తాగనంటే నాకు చెప్పు. వాడికి మాంసం అమ్మను."

జంఫీరాకి పావుకిలో కాలేయం కాగితంలో చుట్టి ఇచ్చి, "ఇంక పో, కొట్టు ముందు నిలబడకు, జనం భయపడతారు" అన్నాడు. మనిషిని ఏ బుట్టలో వెయ్యాలో నాకు ఆరోజు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

రిటైరైన చరిత్ర మాష్టారు కొర్నేలియు గురించి నేను అసలు భయపడలేదు. ఆయన పేపర్లకి ఉత్తరాలు రాస్తాడు, మనుషులంతా ఒక్కటేనని. ఆరో రోజు ఆయన గేటు దగ్గర టై కట్టుకుని మరీ ఎదురుచూశాడు. బకెట్టు పట్టుకున్న జంఫీరా చేతులు లాగేస్తుంటే పావుగంట ఉపన్యాసం ఇచ్చాడు. తర్వాత పళ్ళెంలో తన గాజుగ్లాసు తెప్పించుకుని, దానిమీద చేతిరుమాలు పరిచి, రుమాలులోంచి వడపోయించుకుని తాగాడు. పేరు చక్కగా చెప్పాడు. మేం గేటు దాటామో లేదో, లోపల్నుంచి గొంతు వినిపించింది.

"ఆ గ్లాసు వేణ్ణీళ్ళతో కడుగు, వేణ్ణీళ్ళతో!"

జంఫీరా పగలబడి నవ్వింది. నీళ్ళు అందించేశాక మాట్లాడొచ్చు.

"ఈయన నాకు నాలుగో క్లాసు చెప్పారు అమ్మగారూ. అప్పుడూ అంతే. తలమీద చెయ్యి పెట్టి దీవించి, చెయ్యి కడుక్కునేవారు."

నాకూ నవ్వొచ్చింది. మొగుడు పోయిన తర్వాత మొదటిసారి నవ్వాను, అదీ నడివీధిలో. సాఫ్తా చూసి ఉంటే చర్చిలో చెప్పేది.

ఆ రోజునుంచి వెనక్కి వచ్చేటప్పుడు పది అడుగుల దూరం పెద్దగా పాటించలేదు నేను. మాట వినబడదు కదా. పొద్దుటి పూట మూసుకున్న నోటికి వడ్డీతో సహా మాట్లాడేది జంఫీరా. బనీకా ఎలా గురకపెట్టేవాడో, ఇలారీ బావి అడుగునుంచి ఎలా పాటలు పాడేవాడో చెప్పింది. ఆయన పాడతాడని నాకు తెలియదు. ఇంట్లో ఎప్పుడూ పాడలేదు.

"పాటలేంటే? ఏం పాటలు?"

"అవి మీకు చెప్పేవి కాదులెండి" అంది సిగ్గుపడుతూ. చెప్పించేదాకా వదల్లేదు. చెప్పాక నా చెవులు ఎర్రబడ్డాయి. నా మొగుడేనా!

వేతా ఇంటి దగ్గర పెద్ద గొడవైంది. వేతా మా వీధిలోదే, నాతోపాటు పెళ్ళయి వచ్చింది. బకెట్టు నవ్వుతూ అందుకుని, "లోపల కూర్చుని తాగుతాలే" అని తీసుకెళ్ళింది. నేను కంచెమీంచి తొంగిచూశాను. కోళ్ళకి పోస్తోంది.

"వేతా!" అని అరిచాను. "ఇలారీ పేరు కోళ్ళు చెబుతాయా?"

దాని మొహం మాడిపోయింది. తొట్టిలో మిగిలిన నీళ్ళు, ఈకలతో సహా, చేత్తో తీసుకుని తాగి, "దాహం తీరుగాక" అని గొణిగింది. జిప్సీ మోసిన నీళ్ళకంటే కోళ్ళ ఎంగిలి నయమనుకుందో ఏమో. ఆ రోజు లెక్కలోకి వస్తుందా అని ఫాదర్‌ని అడిగాను. "తాగిందిగా, వస్తుంది" అన్నాడు. ఆయన మాత్రం తన వంతు రోజున, "వెనక గేటునుంచి రమ్మను, ముందు గదిలో బిషప్‌గారి మనుషులున్నారు" అన్నాడు. వెనక గేటులో నిలబడి తాగాడు. మంచి మనిషే, భయస్థుడు.

ఇట్లా రోజులు గడిచాయి. చెర్రీలు పండాయి. కొందరు తాగారు, కొందరు మొహం చిట్లించి తాగారు. ఒక ముసలాయన కళ్ళు కనబడక ఎవరు మోశారో అడగనేలేదు, అడిగినవాళ్ళకంటే హాయిగా తాగాడు. పోస్టాఫీసు వీధిలో ఒక కొత్తకోడలు కుర్చీ తెచ్చి వేసి జంఫీరాని కూర్చోమంది, దాని అత్త లోపల్నుంచి దగ్గడం మొదలుపెట్టింది. నాకు ధైర్యం వచ్చేసింది. ఊరంతా నేనే మార్చేసినట్టు తలెత్తుకుని తిరిగాను.

ముప్పై ఒకటో రోజు లుక్రేత్సియా ఇల్లు. పోస్టాఫీసులో పనిచేస్తుంది, మనిషి నిక్కచ్చి. అది భోజనానికి ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం కావొచ్చింది. తలుపు తెరిచి, చేతులు కట్టుకుని నిలబడింది.

"నేను తాగను. నాటకాలు నాకు చేతకాదు. రుమాలులో వడపోయను, కోళ్ళకి పొయ్యను. జిప్సీ చేతి నీళ్ళు నేను తాగను, అంతే."

నా ఒళ్ళు మండిపోయింది. "మీ బావి తవ్విందెవరే? తాడు పట్టింది దీని మొగుడు కాదూ? ఇరవై ఏళ్ళు తాగలేదూ ఆ నీళ్ళు?"

"ఇప్పుడు కుళాయి ఉంది."

"లుక్రేత్సియా, ఆయన గొంతెండి పోయాడే. ఒక్క గుక్క! నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

అది నావైపు చూసింది. కోపంగా కాదు, అదే నాకు ఎక్కువ మండింది.

"నన్నంటున్నావుగానీ సెవాస్తా, మీ చూరు కింద మేకుకి వేలాడే నీలం అంచు కప్పు ఎవరిది? ముప్పై ఏళ్ళు బనీకా కాఫీ ఎందులో తాగాడు? ఎక్కడ కూర్చుని తాగాడు? నలభయ్యో రోజు నీళ్ళు పోయినవాడి గుమ్మానికే వస్తాయి కదా. ఆ రోజు నేనూ వస్తాను. చూస్తాను."

తలుపు వేసేసింది.

నేను రోడ్డుమీదికి వచ్చేశాను. జంఫీరా బకెట్టు కింద పెట్టకూడదు, దాని మోచేతులు వణుకుతున్నాయి. గంట కొట్టడానికి ఐదు నిమిషాలుంది. నేను రోడ్డు మధ్యలో నిలబడి, "ఎవరైనా తాగండర్రా!" అని గావుకేక పెట్టాను.

ఎదురింటి మదలీనా చీపురు పారేసి పరిగెత్తుకొచ్చింది. పన్నెండేళ్ళు ఇటలీలో ముసలివాళ్ళకి సేవచేసి, కిందటేడే తిరిగొచ్చిన మనిషి. వాళ్ళింటి వంతు ఇంకా రాలేదు. బకెట్టులో మొహం ముంచినట్టు వంగి తాగింది.

"ఇలారీ మామ దాహం తీరుగాక." మోచేత్తో మూతి తుడుచుకుంది. "అక్కడ నేనే జిప్సీని అత్తా. రుమేనియా నుంచి వచ్చానంటే చాలు, చెంచాలు లెక్కపెట్టుకునేవాళ్ళు. నాకో ప్లేటు వేరేగా ఉండేది. సింకు కింద."

చర్చి గంట మోగింది. ఇలారీ ఆ రోజుకి తాగాడు. నేను మాత్రం ఇంటిదాకా తల దించుకునే నడిచాను. గేటు దగ్గరకొచ్చాక నేనే అడిగాను.

"బనీకా ఎప్పుడైనా అన్నాడా? ఆ కప్పు గురించి?"

"అన్నాడు."

"ఏమన్నాడు?"

"అది అడక్కండమ్మగారూ. వాళ్ళిద్దరూ ఇప్పుడు ఒక్కచోటే ఉన్నారు. వాళ్ళే తేల్చుకుంటారు." బకెట్టు గేటు పక్కన బోర్లించి, "కాఫీ మాత్రం బాగుంటుందనేవాడు" అంది.

అది వెళ్ళాక కప్పు మేకునుంచి తీశాను. పారేద్దామంటే దొంగసొత్తు దాచినట్టుంది. మళ్ళీ తగిలిద్దామంటే చెయ్యి రాలేదు. చివరికి కడిగి, అలమారలో మా కప్పుల మధ్య పెట్టి తలుపు వేశాను. సిగ్గేసింది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో, ఒంటరి ఇంట్లో, ఎవరూ చూడకుండానే సిగ్గుతో చచ్చాను.

తర్వాతి ఎనిమిది రోజులూ నేను ఎవరినీ దబాయించలేదు. చిత్రమేమిటంటే అందరూ తాగారు. నాకు మాత్రం పగలంతా ఒకటే భయం. ముప్పై తొమ్మిది ఇళ్ళు తిరిగాను. కానీ ఆ బకెట్టులోంచి నేను ఒక్క చుక్క తాగలేదు. ఎండలో నడిచి నాలుక పిడచకట్టినా ఇంటికొచ్చి మా నీళ్ళే తాగాను. కావాలని కాదు. అలా జరిగిపోయిందంతే. నలభయ్యో రోజున నా గొంతు మొరాయిస్తే? అందరి ముందూ కక్కు వస్తే? చిన్నప్పట్నుంచి మా అమ్మ నూరిపోసిన అసహ్యం ఏ మూల దాక్కుని ఉందో నాకు మాత్రం ఏం తెలుసు?

నలభయ్యో రోజు పెరట్లో బల్లలు వేశాం. క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం, మొక్కజొన్న సంకటి, ఉడకబెట్టిన గోధుమల ప్రసాదం, అన్నీ సిద్ధం. పంతేలీ గొర్రెపిల్లని కోసి తెచ్చి, "డబ్బులడిగితే చంపేస్తా" అన్నాడు, అడగాల్సింది తనేనని మర్చిపోయి. లుక్రేత్సియా చెప్పినట్టే వచ్చింది. నల్లబట్టలు వేసుకుని గేటు పక్కన నిలబడింది.

సాఫ్తా నా చెవిలో గుసగుసలాడింది. "వదినా, పెదాలకి తాకించి ఊరుకో. గటగటమన్నట్టు గొంతు కదిలించు. ఎవరికి తెలుస్తుంది?"

"ఆయనకి తెలుస్తుంది" అన్నాను.

జంఫీరా వచ్చింది. గేటు దగ్గర ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు. నేను గుమ్మంలో నిలబడి ఎదురుచూశాను, అది లోపలికొస్తుందని. అది రాలేదు. బకెట్టు కింద పెట్టకూడదు, నోరు విప్పకూడదు. నావైపే చూస్తోంది. అప్పటికిగానీ నా బుర్రకి తట్టలేదు. ముప్పై ఆరేళ్ళలో దాన్ని గేటు లోపలికి, దాని మొగుణ్ణి చూరు దాటి ఇంట్లోకి ఎవరు రమ్మన్నారు? ఆ చూరు కిందికి రమ్మన్నదే గొప్ప. గుమ్మం సంగతి దానికెలా తెలుస్తుంది?

"రా" అన్నాను. "జంఫీరా, లోపలికి రా. గుమ్మం దాటి రా."

వచ్చింది. మా పెళ్ళికి వేసిన తివాచీమీద ఆ రబ్బరు బూట్లతో నిలబడింది. సాఫ్తా గ్లాసు అందించింది, నేను తీసుకోలేదు. బకెట్టు అంచు పట్టుకుని వంగాను. నీళ్ళలో నా మొహం, దాని మొహం కనబడ్డాయి. కళ్ళు మూసుకున్నాను. మూసుకోగానే ఆ బొటనవేలు కనబడింది, నోటివైపు చూపిస్తూ. ఇంక నాకు జిప్సీ లేదు, లుక్రేత్సియా లేదు, అమ్మా లేదు. తాగాను. పళ్ళు జిల్లుమన్నాయి. గొంతు మొరాయించలేదు. నీళ్ళు గడ్డం మీంచి కారి రవికె తడిసిపోయింది, తాగుతూనే ఉన్నాను. ఆ రెండు రోజులూ నేను ఇవ్వని నీళ్ళన్నీ తాగాను.

ఊపిరి కోసం తలెత్తి, "ఇలారీ దాహం తీరుగాక" అన్నాను. మళ్ళీ వంగాను.

ఇక మాట్లాడొచ్చు కదా, జంఫీరా నోరు విప్పింది. ముప్పై ఆరేళ్ళలో మొదటిసారి అమ్మగారూ అనలేదు.

"చాల్లేవే సెవాస్తా, పొట్ట పగులుద్ది. నా చేతులు పడిపోతున్నాయి."

"ఎత్తి పట్టుకో" అన్నాను. "ఆయనింకా తాగుతున్నాడు."